యాయిష్‌కి మనసు నిలవలేదు

కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసే యాయిష్ ఏ పనీ ఒక్కసారితో ముగించిన పాపాన పోలేదు. పని అయిపోయాక ఒక్క క్షణం ఆగి, నుదురు చరుచుకుని, "మనసు నిలవలేదు" అని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు. టీ తాగి, మనసు పెట్టి తాగలేదని ఇంకో గ్లాసు తెప్పించుకునేవాడు. వీధిలో ఎవరికైనా దణ్ణం పెట్టి పది అడుగులు వేశాక వెనక్కి వచ్చి మళ్ళీ పెట్టేవాడు. తుమ్మినా రెండోసారి తుమ్ముతాడని మా సఫెద్ ఊరి బజారులో చెప్పుకునేవారు గాని, అది మాత్రం నేను కళ్ళారా చూడలేదు.

అతని పెళ్ళి నేను చూశాను. పెళ్ళికూతురి వేలికి ఉంగరం తొడిగి చెప్పాల్సిన మాట చెప్పాడు. అందరూ సంతోషించబోతుంటే నుదురు చరుచుకున్నాడు. మళ్ళీ చెప్పాడు. మూడోసారి కూడా చెప్పాక పెళ్ళికూతురి అన్నగారు ఉండబట్టలేక లేచాడు.

"ఏమయ్యా, మా చెల్లెలు ఒక్కతే. నువ్వు ముగ్గుర్ని చేసుకుంటున్నావేంటి?"

"ఒక్కర్నే బావా. మొదటి రెండుసార్లూ నా మనసు వంటింట్లో ఉంది. అక్కడ స్టవ్వు సరిగ్గా మండటం లేదు, చప్పుడు వింటున్నావా?"

నిజంగానే మండటం లేదు. పెళ్ళికొడుకు బట్టలతోనే వెళ్ళి దాన్ని బాగుచేసి వచ్చాడు. రెండుసార్లు బాగుచేశాడు.

ఇలాంటి మనిషితో రోజూ పొద్దున్నే కలిసి కూర్చోవాల్సిన ఖర్మ మాకు పట్టింది. మేము బజారువాళ్ళం పదిమందిమి. దుకాణాలు తెరవకముందే మెట్లవీధిలోని మా యూదుల చిన్న మందిరంలో చేరి దావీదు కీర్తనలు చదువుకునేవాళ్ళం. నెలకి పుస్తకం పూర్తయ్యేలా రోజుకో వంతు. వంతు అయ్యాక, మేమంతా పొట్టకూటి కోసం పాటుపడేవాళ్ళమే కాబట్టి, బతుకుతెరువు కోసం నూటనలభై అయిదో కీర్తన. ఎవరి పాటికి వాళ్ళు గొణుక్కోవడమే. పదిమందీ పుస్తకాలు మూశాక అందరం నిలబడి కద్దీష్ అనే ముగింపు ప్రార్థన చెప్పుకుంటే ఆనాటికి అయినట్టు. పదిమందిలో ఒక్కడు తక్కువైనా కద్దీష్ చెల్లదు. మేము లెక్కకి సరిగ్గా పదిమందిమే. కాబట్టి ఎవరినీ వదిలేసి పోవడానికి లేదు.

ఆ కీర్తనలో ఒక వచనం ఉంది. "నీ చేయి విప్పుతావు, ప్రతి ప్రాణికీ కోరిక తీరా పెడతావు." అది చదివేటప్పుడు అరచేతులు పైకి చాచాలి. మనసు అక్కడే ఉండాలి. పరధ్యానంగా చదివితే చదివినట్టు కాదు, వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకోవాలి. ఇది యాయిష్ పెట్టిన నియమం కాదు, పెద్దలు పెట్టిందే. మామూలు మనిషికి ఏడాదిలో నాలుగైదుసార్లు అవసరపడుతుందేమో. అది యాయిష్‌కి దొరకడం కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

నా పేరు మఖ్లూఫ్, నాది రొట్టెల బట్టీ. నేను భక్తి కొద్దీ ప్రతి అక్షరం కిందా వేలు పెట్టి చదువుతాను. అలా చదివి, పుస్తకం ముద్దుపెట్టుకుని మూసి తలెత్తేసరికి అందరి పుస్తకాలూ మూసి ఉండేవి. ఈ మహానుభావుడు ఒక్కడే ఇంకా చేతులు చాపి ఉండేవాడు.

"ఈసారి ఎక్కడికి పోయింది అన్నా మనసు?" అనేవాడు చేపల మైమోన్.

"నీ బుట్టలోకే తమ్ముడూ. చేయి విప్పానో లేదో, ముక్కుకి తగిలింది."

"నిన్నో?"

"నిన్న హనానియాగారి ఆవలింత. నాకూ వచ్చేసింది."

బట్టలకొట్టు హనానియా మా అందరికీ పెద్ద. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "రోజుకి ఎన్నిసార్లు చేయి చాస్తావయ్యా? దేవుడికి చెవుడనుకున్నావా?" అనేవాడు.

"ఆయన చెవులు బాగానే ఉన్నాయి పెద్దాయనా. నా బుర్రే బాగాలేదు."

తమాషా ఏమిటంటే, బతుకుతెరువు కోసం మా అందరికన్నా ఎక్కువసార్లు అడిగినవాడి కొట్టులోనే పని తక్కువ. ఎప్పుడు చూసినా మూడు స్టవ్వులుండేవి. అందులో రెండు అతని సొంతవే.

ఇంకో వింత కూడా నేను గమనించకపోలేదు. ఆనాటి వంతు చిన్నదైతే రెండుసార్లకే అతని మనసు నిలిచేది. పెద్ద వంతు వచ్చిన రోజున ఆరుసార్లు చదివినా నిలిచేది కాదు. ఒకసారి నేను పిండిలో కలిపే ఈస్టు కోసం హైఫా పట్నం వెళ్ళి, పక్కవీధి సున్నాలవాణ్ణి నా బదులు కూర్చోబెట్టాను. తిరిగొచ్చాక, "నిన్న యాయిష్ ఎన్నిసార్లు చదివాడు?" అని మైమోన్‌ని అడిగాను. "రెండుసార్లు" అన్నాడు. పెద్ద వంతు రోజే కదా అంటే, నవ్వి చేపకి పొలుసు తీసుకుంటూ కూర్చున్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ ఏడే కొండ కింద యంత్రాల బట్టీ ఒకటి పెట్టారు. పొద్దున్నే దాని వ్యాను హారన్ కొట్టుకుంటూ మా బజారులోకి వచ్చేది. నేను పిండి కలిపి పొంగడానికి వదిలి మందిరానికి వచ్చేవాణ్ణి. యాయిష్ మనసు నిలిచి, కద్దీష్ అయి, నేను పరిగెత్తుకెళ్ళేసరికి పిండి గంప దాటి నేలమీదికి దిగుతుండేది. మళ్ళీ పిసికి, కాల్చి, గంప బయటపెట్టేసరికి జనం వ్యాను రొట్టెలు చంకన పెట్టుకుని ఇళ్ళకి పోయేవారు. రెండు నెలలు అలా గడిచాక నా భార్య ఫ్రేహా ఒక మాటంది.

"బట్టీ మూసేసి ఆ వ్యానువాడి దగ్గరే పనికి కుదురు. పొద్దున్నే వాడి హారన్ అయినా నువ్వు కొట్టొచ్చు."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తిన్నగా యాయిష్ కొట్టుకి వెళ్ళాను. అతను ఒక స్టవ్వుకి పిన్ను పెట్టి పొడుస్తున్నాడు.

"అన్నా, నీ మనసు నిలవక నా బట్టీ ఆరిపోయేట్టుంది."

"నా మనసు నా మాట వింటుందా తమ్ముడూ?"

"వినేట్టు చెయ్యి. రేపు ఒక్కసారే చదువుతానని మాటివ్వు."

పిన్ను కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "రేపు ఇరవై అయిదో తారీఖు. పొడుగు కీర్తన వంతు కదా."

"అయితే నీకేం? అందరం చదువుతున్నాం. నువ్వొక్కడివే మొయ్యాలా?"

"నిజమే" అన్నాడు మెల్లిగా. "సరే. ఒక్కసారే. ప్రమాణం కాదు సుమా."

ప్రమాణం కాదు అనకుండా మాలో ఎవరూ రేపు సూర్యుడు వస్తాడని కూడా చెప్పరు. కాబట్టి ఆ మాట నేను పట్టించుకోలేదు.

మర్నాడు యాయిష్ ఒక్కసారి చేతులు చాపాడు, ఒక్కసారి చదివాడు, పుస్తకం మూశాడు. ఓరకంట చూసి, చూశావా మఖ్లూఫ్, మనిషన్నవాడికి గట్టిగా చెప్పాలి, అని నన్ను నేనే మెచ్చుకున్నాను. వేలు అక్షరం కింద పెట్టి మళ్ళీ చదువుకోసాగాను.

కాసేపటికి మందిరం మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టనిపించింది. ఒక్క గొంతే వినిపిస్తోంది. ఒకటో తరగతి పిల్లాడిలా అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది. ఎవడబ్బా వీడు అనుకున్నాను. అది నేనే.

ఇన్నాళ్ళూ దాచిన సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. నేను పుట్టిన కొండ ఊళ్ళో అమ్మా నాన్నా పోయాక ఆరేళ్ళకే నన్ను బట్టీ ముందు నిలబెట్టారు. అక్షరాలు నాకు ముప్పైనాలుగో ఏట వచ్చాయి. మా అమ్మాయి మొదటి వాచకం పట్టుకుని, దాన్ని పరీక్షిస్తున్నానని చెప్పి నేనే నేర్చుకున్నాను. అక్షరం కింద వేలు పెట్టింది భక్తితో కాదు, తప్పిపోతానన్న భయంతో.

పొడుగు కీర్తనలోనే నాకు ఇంకా పన్నెండు వచనాలు మిగిలి ఉన్నాయి. ఆ తరవాత బతుకుతెరువు కీర్తన మొత్తం ఉంది. తలెత్తాను. తొమ్మిది పుస్తకాలూ మూసి ఉన్నాయి. ఎవరూ నా వైపు చూడటం లేదు. హనానియా కళ్ళజోడు తుడుస్తున్నాడు. మైమోన్ గోళ్ళు చూసుకుంటున్నాడు. మిగిలినవాళ్ళంతా, అక్కడేదో విశేషం ఉన్నట్టు, పైకప్పు చూస్తున్నారు. నా చెవులు బట్టీలా మండిపోయాయి. చదివేశానని అబద్ధం చెప్పి పుస్తకం మూసేద్దామనుకున్నాను. సగం మూశాను కూడా.

అప్పుడు చెళ్ళుమని చప్పుడైంది. యాయిష్ నుదురు చరుచుకున్నాడు.

"ఛీ ఛీ, మనసు నిలవలేదు."

"మళ్ళీనా?" అన్నాడు మైమోన్. వాడి గొంతులో విసుగు లేదు, హమ్మయ్య అన్నట్టుంది.

"ఏం చెయ్యను తమ్ముడూ? చేయి విప్పేసరికి నిన్న పిన్ను ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటోంది."

"ఊఁ, కానీ. తప్పుతుందా?" అన్నాడు హనానియా.

యాయిష్ చేతులు చాపి అందుకున్నాడు. ఆరోజు మామూలుగా గొణగలేదు, నా గొంతు ఎవరికీ వినపడనంత గట్టిగా చదివాడు. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. మధ్యమధ్య మైమోన్ ఎగతాళి, హనానియా సణుగుడు. ఆ గోలలో నేను నింపాదిగా, వేలు పెట్టుకుని, చివరి అక్షరం దాకా చదివాను. నా పుస్తకం మూతపడటం ఓరకంట చూశాక, తొమ్మిదోసారికి, అతనికి మనసు నిలిచింది.

బయటికి రాగానే మెట్ల మీద అతని చొక్కా పట్టుకున్నాను.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏది?"

"నా దగ్గరా నీ వేషాలు?"

"నువ్వు మాలో చేరినప్పటినుంచి."

"మిగతావాళ్ళకి తెలుసా?"

"నీకు తప్ప అందరికీ తెలుసు."

"మరి రోజూ నిన్ను అంతంతేసి మాటలంటారే?"

"అననీ. నేను ఎటూ పేరుపడ్డవాణ్ణి. నవ్వుకోవడానికి బజారుకి ఒకడు చాలు, ఇద్దరెందుకు?"

"అయితే మనసు నిలవకపోవడం అంతా అబద్ధమేనా?"

"అయ్యో, కాదు" అన్నాడు నొచ్చుకుని. "మొదటి రెండుసార్లూ నావే. ఆపైవన్నీ నీవి."

నాకు సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా, ఆ మనిషిని పట్టుకుని వాటేసుకోవాలనిపించింది. వాటేసుకున్నాను. చొక్కా అంతా పిండి అంటించావని తిట్టాడు. నా పిండి ఆరోజు కూడా గంప దాటింది.

మర్నాడు యాయిష్ హనానియా ముందు నిలబడి తల గోక్కున్నాడు. "పెద్దాయనా, పొద్దెక్కితే నా మనసు అసలే నిలవటం లేదు. రేపటినుంచి అరగంట ముందే మొదలెడితే ఎలా ఉంటుంది?"

"నీ ఒక్కడి మనసు కోసం తొమ్మిదిమంది నిద్ర పాడు చేసుకోవాలా?" అని హనానియా గయ్యిమన్నాడు. చాలాసేపు తిట్టాడు. తిట్టడం అయ్యాక, "చలికోట్లు వేసుకు రండి, ఆ వేళప్పుడు మంచు కురుస్తుంది" అన్నాడు.

ఆ వేళకి తన చేపలైనా లేవవని మైమోన్ గొణిగాడు గాని, మర్నాడు అందరికన్నా ముందు వాడే వచ్చాడు. ఆరోజు యాయిష్ నాలుగుసార్లు చదివాడు. పిండి గంపలోనే ఉండగా నేను ఇంటికి చేరాను. వ్యాను హారన్ వినపడేసరికి నా రొట్టెలు బజారులో ఉన్నాయి. పోయినవాళ్ళందరూ తిరిగి రాలేదు. పాతవాళ్ళు వచ్చారు, బట్టీ ఆరకుండా ఉండటానికి అది చాలు.

మొదటి వాయి తీయగానే ఒక రొట్టె గుడ్డలో చుట్టుకుని యాయిష్ కొట్టుకి వెళ్ళాను. "చేయి విప్పు అన్నా" అన్నాను. విప్పాడు. కాలిపోతున్న రొట్టె అందులో పెట్టాను. ఊదుకుంటూ, తుంచుకుంటూ, ముక్క మిగలకుండా తిని, గడ్డం మీది పొడి దులుపుకున్నాడు. ఒక్క క్షణం ఆగి నుదురు చరుచుకున్నాడు.

"తమ్ముడూ, మనసు పెట్టి తినలేదు. ఇంకోటి పట్రా, మళ్ళీ మొదటినుంచి తింటాను."