దేవదానం మాస్టారి ఒక్క పేజీ

నేను కొంచెం పెంచి చెబుతానని ముందే ఒప్పుకుంటున్నాను. కొంచెం అన్నది కూడా తగ్గించి చెప్పిన మాటే. మా ఆవిడ నా మాటను పదితో భాగించి, వచ్చిన దాంట్లో సగం మాత్రమే పక్కింటివాళ్ళకు చెబుతుంది. మీరూ ఆ లెక్క పాటించండి. ఎక్కడ ఏకంగా అల్లేశానో చివర్లో నేనే చెబుతాను.

అది 2023 వానాకాలం. ఏలూరు పవర్‌పేటలో నాది ప్రింటర్ల రిపేరు షాపు. షాపు అగ్గిపెట్టెంత. నేను లోపల కూర్చుంటే కస్టమరు బయట నిలబడాలి, కస్టమరు కూర్చుంటే నేను రోడ్డు మీద రిపేరు చేయాలి. ఇరవై ఏళ్ళలో ప్రింటర్ల కడుపులోంచి నేను తీసినవి ఒక మ్యూజియానికి సరిపోతాయి. బల్లి గుడ్లు, చీమల కాలనీలు, ఒక పెళ్ళి ఉంగరం, వట్లూరులో ఒక లెక్చరరు గారి పళ్ళసెట్టు.

ఒక మధ్యాహ్నం ఆకివీడు దగ్గర ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది.

"ఏవండీ, ప్రింటర్లు బాగుచేసేది మీరేనాండీ? మా ప్రింటరు దానంతటదే ఆగిపోయి, దానంతటదే లేస్తోందండీ. లేచి మళ్ళీ ఆగిపోతోంది. వైర్లు లేని రకమండీ."

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఏడాది కావస్తోందండీ."

ఏడాదిగా మూర్ఛపోయి లేస్తున్న ప్రింటరును నేను అంతవరకు చూడలేదు. కైకలూరు మీదుగా బండి తీశాను. ముందు వెళ్ళే చేపల లారీ నుంచి కారిన నీళ్ళతో ఆకివీడు చేరేలోపు నాకు మూడు స్నానాలయ్యాయి. కొల్లేరు కొంగలు నన్ను కూడా సరుకే అనుకుని రెండు మైళ్ళు వెంటపడ్డాయి.

ఫోను చేసినావిడ రూతమ్మ గారు, మిషను స్కూల్లో పనిచేసి రిటైరైన టీచరు. ఇంట్లో ఒక్కరే ఉంటారు. ముందుగదిలో గోడ మీద ఆవిడ భర్త దేవదానం మాస్టారి ఫోటో, దాని కింద బల్ల మీద కుట్టుపూల గుడ్డ కప్పిన ప్రింటరు. పన్నెండేళ్ళ ముసలిది. మా లెక్కలో ప్రింటరుకు పన్నెండేళ్ళంటే మనిషికి నూట నలభై.

మూత తీశాను. చెరువుల మధ్య ఊళ్ళలో గాలికి తడెక్కువ, లోపలి ఇనుమంతా పాచి పట్టినట్టుంది. దానంతటదే ఆగి లేచే ప్రింటరుకు మేము మొదట అనుమానించేది పవర్ సప్లై బోర్డును. గోడలోంచి వచ్చే కరెంటును చంటిపిల్లకు పాలు పట్టినట్టు కొంచెం కొంచెంగా మిషనుకు పట్టేది అదే. అది ముసలిదైతే పాలు చాలక మిషను సొమ్మసిల్లుతుంది.

"రెండు రోజుల్లో దీన్ని పెళ్ళికూతుర్ని చేస్తానమ్మా" అన్నాను.

"అంతొద్దండీ, ఒక్క పేజీ తీస్తే చాలు" అన్నారావిడ. ఆ మాట నేను వినిపించుకోలేదు.

తాడేపల్లిగూడెంలో పాత మిషన్లు విప్పి అమ్మే మిత్రుడొకడున్నాడు. వాడి దగ్గర అదే రకం బోర్డు దొరికింది. తెచ్చి వేశాను, మిషను మీది మీట నొక్కి నాలుగు పరీక్ష పేజీలు తీసి చూపించాను. ఒక్కసారి కూడా ఆగలేదు. కొల్లేటికి కొత్తగా నేనే నీళ్ళు పెట్టినంత గొప్పగా ఇంటికి తిరిగొచ్చాను.

తెల్లారి ఆరింటికి ఫోను.

"సత్యం గారూ, మళ్ళీ మొదలెట్టిందండీ."

"ఎప్పుడమ్మా?"

"ఇప్పుడేనండీ. లాప్‌టాప్ తెరవగానే. రోజూ పొద్దున్నే తెరుస్తానండీ, మళ్ళీ మూసేస్తాను."

నేను రెండుసార్లూ మధ్యాహ్నం వెళ్ళాను. లాప్‌టాప్ మూసి ఉంది. ప్రింటరు బాగానే ఉంది. జబ్బు పొద్దున్న వస్తుంటే వైద్యుడు మధ్యాహ్నం వెళ్ళి నాడి చూసినట్టయింది నా పని.

మర్నాడు కోళ్ళకంటే ముందు బయలుదేరి ఆరున్నరకల్లా అక్కడున్నాను. ఆవిడ లాప్‌టాప్ తెరిచారు. నిమిషం తిరగకుండానే ప్రింటరు దీపం వెలిగింది. ఎవరూ ఏమీ నొక్కలేదు. గురగురమని ఒక కాగితాన్ని రెండు వేళ్ళ మేర మింగింది, ఆగింది, కక్కేసింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. ఇంకో కాగితం మింగింది.

"రోజూ ఇంతేనండీ" అంటూ ఆవిడ సొరుగులోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టారు. అన్నీ తెల్లకాగితాలే. ప్రతిదాని నెత్తిన రోలరు పట్టిన చిన్న నొక్కు.

"ఇవేంటమ్మా?"

"అది మింగి వదిలేసినవండీ. పారేయబుద్ధి కాలేదు."

అప్పుడు నాకు వెలిగింది. మనం ప్రింటు అనగానే పేజీ నేరుగా ప్రింటరుకు వెళ్ళదు. కంప్యూటర్లో ఒక వరుసలో నిలబడుతుంది. దాన్ని క్యూ అంటాం. పేజీ దారిలో దెబ్బతింటే ప్రింటరు దాన్ని అరిగించుకోలేక సొమ్మసిల్లుతుంది. లేవగానే కంప్యూటరు గాలిలోంచే మళ్ళీ అదే ముద్ద నోట్లో పెడుతుంది. తినేదాకా వదలదు. జబ్బు ప్రింటరుది కాదు, లాప్‌టాప్‌లో ఏడాదిగా నిలబడి ఉన్న ఒక పేజీది.

క్యూ తెరిచాను. ఒకే ఒక్క పేజీ. పేరు లేదు. పక్కన తేదీ, వేళ.

"ఈ పేజీ పోయిన ఏడు ఆగస్టుదమ్మా. ఉదయం ఐదూ నలభై."

టీ గ్లాసుతో వచ్చిన రూతమ్మ గారు దాన్ని బల్ల మీద పెట్టారు.

"ఆ రోజేనండీ" అన్నారు. కుర్చీలో కూర్చున్నారు. "పొద్దున్నే ఈ మిషను చప్పుడైంది. చీకటితోనే ఏం గోలండీ అని లోపల్నుంచి కేకేశాను. ఒక్క పేజీ, రూతూ, వచ్చేస్తుంది అన్నారు. రాలేదు. మొహం కడుక్కుని వచ్చి చూస్తానని పెరట్లోకి వెళ్ళారండీ. మళ్ళీ లోపలికి రాలేదు."

"ఇందులో ఇంకెక్కడైనా దాచి ఉంటుందేమో..."

"ఆయన ఏదీ దాచరండీ. టైపు చేస్తారు, ప్రింటు తీస్తారు, దాచమంటావా అని అది అడిగితే వద్దని నొక్కేస్తారు. కాగితం చేతికొచ్చాక కంప్యూటర్లో ఇంకెందుకు రూతూ అనేవారు." ఆవిడ కొంగుతో గ్లాసు అంచు తుడిచారు. "వచ్చే గురువారం జ్ఞాపకార్థ కూడికండీ. మాస్టారి మాటలేవైనా ఉంటే చదువుదామమ్మా అన్నారు పాస్టరు గారు. అందుకే మిమ్మల్ని పిలిచాను."

"అందులో ఏముంటుందంటారు?"

"ఏమోనండీ. ఆదివారం పాటల వరుసేమో. కరెంటాఫీసుకు అర్జీయేమో. మా మాస్టారికి అర్జీలంటే మహా సరదా." నవ్వబోయి ఆగారు. "ఏదైనా పర్లేదండీ."

ఆ పేజీని క్యూలోంచి జాగ్రత్తగా బయటికి తీసి, పెన్‌డ్రైవులో పెట్టుకుని, ఏలూరు తీసుకెళ్ళి తెరుద్దామనుకున్నాను. వేలు మీట మీద పెట్టానో లేదో కరెంటు పోయింది. అలాంటిలాంటి పోవడం కాదు, ఆకివీడు నుంచి సముద్రం దాకా ఒక్క దీపం లేదు. ఫ్యాను మూలుగుతూ ఆగింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిన లాప్‌టాప్ నల్లబడింది. కరెంటు వచ్చాక చూస్తే క్యూ ఖాళీ.

"పోయిందాండీ?"

"పోయిందమ్మా."

ఆవిడ గ్లాసు నా వైపు జరిపారు. "టీ చల్లారిపోతోంది, తాగండి. మీరేం చేస్తారు పాపం."

ప్రింటరు కదలకుండా కూర్చుంది. దీపం నిలకడగా వెలుగుతోంది.

"ఇంక లేవదాండీ?"

"లేవదమ్మా. బాగైపోయింది."

"బాగైపోయిందన్నమాట." ఆవిడ కుట్టుపూల గుడ్డ తీసి దాని మీద కప్పారు. "పొద్దున్నే అది గురగురమంటుంటే, ఈయన ముందుగదిలో ఏదో పని చేసుకుంటున్నట్టుండేదండీ."

గురువారం కూడికకు నేనూ వెళ్ళి చివరి వరుసలో కూర్చున్నాను. పాస్టరు గారు ఒక కీర్తన చదివారు. మాస్టారి గురించి ముగ్గురు మాట్లాడారు. రూతమ్మ గారి బైబిల్లోంచి ఒక తెల్లకాగితం అంచు బయటికి కనిపిస్తోంది. నెత్తిన చిన్న నొక్కు.

ఇక అల్లింది ఏదో చెప్పాలి. లారీ, కొంగలు, పళ్ళసెట్టు అని మీరు అనుకుంటూ ఉంటారు. వాటిని పదితో భాగించుకుంటే సరిపోతుంది. నేను పూర్తిగా అల్లింది ఒక్కటే. ఆ రోజు కరెంటు పోలేదు.

మా పని తెలిసినవాళ్ళు ఈపాటికి పట్టేసే ఉంటారు. క్యూలో పేజీ డిస్కు మీద రాసి ఉంటుంది, కరెంటు పోయినంత మాత్రాన చెరిగిపోదు. చెరిగేదే అయితే కొల్లేటి ఊళ్ళ కరెంటుకు అది ఏడాది బతికేదా?

జరిగింది ఇది. ఆవిడ వంటింట్లో టీ పెడుతున్నారు. నేను క్యూ తెరిచాను. ఇరుక్కున్న పేజీ కనబడితే చెరిపేయడం మా వేలికి పట్టిన అలవాటు, కంటికంటే వేలే ముందు వెళ్తుంది. చెరిపేయమంటావా అని అది అడిగింది కూడా. అవునని నొక్కాను. నొక్కుతూ తేదీ చదివాను. ఆవిడ టీ గ్లాసుతో వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు. ఆవిడ అన్న మాటలన్నీ నిజమే, నేను వరుస మార్చాను. ఆ పేజీ లోపలే పాడైపోయిందమ్మా, తెరుచుకోలేదు అని చెప్పాను. ఆవిడకొక అబద్ధం, మీకొకటి.

అప్పటి నుంచి ఏ మిషను ముందు కూర్చున్నా, ముట్టుకోకముందే అడుగుతున్నాను: "ఇందులో ఆగిపోయినవాటిలో మీకు కావలసిందేమైనా ఉందాండీ?" చాలామంది నవ్వుతారు. పాత కరెంటు బిల్లులండీ, తీసి పారేయండి అంటారు. అయినా అడుగుతాను.

ఇది అచ్చయ్యాక మొదటి కాపీ తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్తాను. చదివి వినిపించే ధైర్యం లేదు. చేతికిచ్చి కూర్చుంటాను.

ఆ ఉదయం ఫ్యాను తిరుగుతూనే ఉంది. బల్ల మీది తెల్లకాగితాలు దాని గాలికి ఒక్కొక్కటే లేస్తుంటే, ఆవిడ అరచేత్తో అదిమి పట్టుకున్నారు.