లాగ్‌బుక్‌లో మూడో గడి

ఆపరేషన్ థియేటర్లో ఆ అమ్మాయిని అందరూ చిన్న డాక్టరనే పిలుస్తారు. సర్జరీ పీజీ, మూడో ఏడు. ఈ మూడేళ్లలో సొంత చేతులతో నలభై హెర్నియాలు కుట్టింది. లాగ్‌బుక్ తెరిస్తే మాత్రం ఒక్కటీ ఆమె చేసినట్టు ఉండదు. ప్రతి కేసుకూ అందులో మూడు గళ్లుంటాయి: చేసినది, సాయపడినది, చూసినది. ప్రొఫెసర్ ఎప్పుడూ మూడో గడిలోనే టిక్కు పెట్టి కింద సంతకం గీకేవాడు. చేసినవి కనీసం ముప్పై లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

ఎందుకంత కక్ష అంటారా? మొదటి ఏడాదిలోనే రౌండ్స్‌లో ఒకామె కడుపునొప్పిని ఆయన అపెండిక్స్ అన్నాడు, ఈమె "అండాశయంలో గడ్డేమో సార్" అంది. స్కానింగ్‌లో గడ్డే తేలింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, నాలుగో కాలు చూపించినదాన్ని ఊరికే వదులుతాడా? అప్పట్నుంచీ వార్డంతా వినేలా "చూడ్డానికొచ్చావు, చూసి పో" అనేవాడు. ఆమెకు ఒళ్లు మండిపోయేది. ఫోన్లో అమ్మ "పరీక్ష ఎప్పుడే?" అంటే, "దగ్గరకొచ్చిందమ్మా" అని మాట మార్చేది.

పరీక్ష దరఖాస్తుకు గడువు వారం ఉందనగా, ఒక బడిపంతులమ్మకు ప్రొఫెసర్ తానే గాల్‌బ్లాడర్ తీశాడు. తొందరలో పక్కనున్న పైత్యరసం గొట్టం తెగ్గోశాడు. కోసేముందే చిన్న డాక్టర్ "సార్, అది వేరే గొట్టమేమో" అంటే "నోర్ముయ్" అన్నాడు. మూడో రోజుకల్లా పంతులమ్మ కళ్లు పచ్చబడ్డాయి. మళ్లీ కోయాల్సొచ్చింది. ఆమె భర్త ఫిర్యాదు చేస్తే విచారణ కమిటీ వేశారు.

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం కదా, ప్రొఫెసర్ చిన్న డాక్టర్ని తన గదికి పిలిచి కుర్చీ చూపించాడు. మూడేళ్లలో అదే మొదటిసారి.

"కూర్చోమ్మా. ఆ నలభై హెర్నియాలూ నువ్వే చేశావని ఇప్పుడే దిద్ది సంతకం పెడతాను. ఈ గాల్‌బ్లాడర్ కూడా నువ్వే చేశావని రాసుకో. నేర్చుకునేవాళ్ల చెయ్యి జారితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు."

ఆమె పెన్ను మూత తీసింది. ఒక్క క్షణం పరీక్ష హాలు కళ్లముందు మెదిలింది. అలా ఆశపడ్డందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. గాల్‌బ్లాడర్ కేసు పేజీ తీసి, మూడో గడిలో తనే టిక్కు పెట్టింది.

"ఇదొక్కటీ నిజంగా చూశాను సార్. కమిటీ వాళ్లకి చూసింది చూసినట్టు చెప్తాను. సంతకం పెట్టండి."

"పరీక్ష రాయనిస్తాననుకుంటున్నావా?" అంటూ ఆయన పుస్తకాన్ని నేలకేసి కొట్టాడు.

"అనుకోవట్లేదు సార్."

ఆ ఏడాది ఆమె పరీక్ష రాయలేదు. కమిటీ ముందు మాత్రం గంటన్నర మాట్లాడింది. అంతసేపూ ప్రొఫెసర్ ఎదురుగా నోరు మూసుకుని కూర్చోవాల్సొచ్చింది.