మైకు మొఖం వంటింటి దిక్కు

నిన్న నేను చేసిన పని వింటే మీరు నాకు చాయ్ కూడ పొయ్యరు. ముందే చెప్తాన, సోలో పోయింది. ఎవరికి పోయిందన్నదే ముచ్చట.

వచ్చే ఆదివారం మా చర్చిల కోత పండుగ. సోలో ఎవరు పాడాల్నో తేల్చేది క్వయర్ చూసుకునే సుందరం అన్న. "పాట రికార్డ్ చేసి రేపు ఐదులోపు గ్రూపుల పెట్టుండ్రి" అన్నడు మొన్న. మూడేండ్ల సంది వెనుక వరుసల గిటార్ వాయిస్తాన. ఈసారన్న ముందట నిలబడి పాడాల్నని పాణం కొట్టుకుంటాంది. మా కజిన్‌ను అడిగి రెండు మైకులు తెచ్చిన. ఒకటి గిటార్‌కు, ఒకటి గొంతుకు.

నిన్న సాయంత్రం నాలుగు దాటింది. ఫ్యాన్ బంద్. ఫ్రిజ్ బంద్. కిటికీ సందులల్ల బొంతలు కుక్కిన. స్టాండు లేదు, గొంతు మైకును వంటింటి గడప కాడ స్టూలు మీద పెట్టిన. దానికి అవతల కుర్చేసుకొని అమ్మ చిక్కుడుకాయలు తుంచుతాంది.

"అమ్మా, జర సప్పుడు చెయ్యకు. ఊపిరి కూడ మెల్లగ తీస్కో."

తల ఊపింది. నాకు చెమటలు, ఒక్క కాడ కుదురుగ కూసోబుద్ధి అయితలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నా గొంతు నాకే నచ్చదు, అవతల పడేసిన. కండ్లు మూసుకొని, గిటార్ మీదనే చెవి పెట్టి, ఒక్క టేకులనే పాడిన. టైం చూస్తే ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ. మొత్తం వినే ఓపిక ఎక్కడిది? మొదట్ల గిటార్ ముక్క విన్న, సాఫ్‌గ ఉన్నది, పంపేసిన.

జరసేపటికి సుందరం అన్న ఫోన్.

"గిటార్ మస్తుగుంది చెల్లె. అంత మంచిగ పాడిందెవరు?"

"నేనే అన్నా."

"నువ్వు గాదు. నీ గొంతు యాడనో బాయిలకెల్లి ఇనవడ్తాంది. ముందట పాడిందెవరు?"

అప్పుడు విన్న. అమ్మ! పల్లవి కాడికెల్లి ఆఖరి చరణం దాక, చిక్కుడుకాయ తుంచే టిక్కు టిక్కు తాళంతోని.

ఆ మైకుకు ముందు, వెనుక ఉంటదంట, ముందట ఉన్నోళ్ల గొంతే మంచిగ పడ్తదంట. నేను దాని వీపుకు పాడిన. మొఖం వంటింటి దిక్కున్నది.

"సప్పుడు చెయ్యొద్దంటివి, చెయ్యలే. పాటకు మెల్లగ గొంతు కలిపిన గంతే" అన్నది అమ్మ. మా చర్చిల ఒకరు పాట ఎత్తుకుంటే ఊకె కూసునుడు ఎవ్వరికీ రాదు. కోపం తెచ్చుకుందామని చూసిన, రాలే. అమ్మ అంత మంచిగ పాడ్తదని నాకే తెల్వది.

సోలో అమ్మకిచ్చిండ్రు. నేను మళ్ల వెనుక వరుసనే.

ఇయ్యాల పొద్దుగాల ప్రాక్టీసుకు కూసున్నం. మైకును మూడుసార్లు తిప్పి చూసి అమ్మ ముందట పెట్టిన. అమ్మ గొంతు సవరించుకొని నా దిక్కు చూసింది.

"బిడ్డా, జర ఊపిరి మెల్లగ తీస్కో."