‘పని’ అన్న గడికి అర్థం

వేమగల్ ఫ్యాక్టరీలో నేను చూసే డేటాబేస్‌లో బోల్టు అంటే బోల్టే. దాని పొడవు, మందం, ఏ అరలో ఉందీ రాసిపెడితే ఇక వాదన ఉండదు. మనుషుల కోసం డేటాబేస్ కట్టాల్సి వచ్చేదాకా నా ఉద్యోగం ఎంత సుఖమైందో నాకు తెలియలేదు.

కేజీఎఫ్‌లో మేముండే లైన్లకు, అంటే బంగారు గని పనివాళ్ల కోసం కంపెనీ కట్టిన ఇళ్ల వరసలకు, దగ్గర్లోనే ఒక చిన్న క్లినిక్ ఉంది. గనిలో పనిచేసి దగ్గు తెచ్చుకున్న పెద్దవాళ్లు ఎక్కువగా అక్కడికే వస్తారు. ఒకరోజు కంపెనీ బస్సు దిగి ఇంటికి పోతుంటే ఆ క్లినిక్ డాక్టరు గారు నన్ను ఆపారు. పాత చీటీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలట. గనిలోకి దిగి పనిచేసినవాళ్లను ఏరి, చలికాలం ముదిరేలోపల ఛాతీ ఎక్స్‌రేలు తీయించి, బయటినుంచి ఊపిరితిత్తుల డాక్టరును రప్పించి చూపించాలట. మీట నొక్కితే పిలవాల్సినవాళ్ల పేర్లు రావాలి, అంతే ఆయన కోరిక. ఎంత తేలిగ్గా చెప్పారో.

ఆదివారాలు అక్కడికి పోవడం మొదలుపెట్టాను. ముందు డేటా డిక్షనరీ రాయాలి అంటే అక్కడి నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకమ్మా డిక్షనరీ? మాకు ఇంగ్లీషు వస్తాది గదా," అంది. ఇది మాటల నిఘంటువు కాదని చెప్పాను. కంప్యూటర్లో ప్రతి గడికీ ఒక పేరు పెట్టాలి. ఆ పేరుకు అర్థమేంటో, అందులో ఏమేం రాయొచ్చో, ఖాళీగా వదలొచ్చా లేదా, వదిలితే ఏమనుకోవాలో రాసిపెట్టాలి. పక్కన ఒక ఉదాహరణ ఇవ్వాలి. అలా రాసిపెట్టకపోతే ఒకరు ఒకటి అనుకుని నింపుతారు, ఇంకొకరు ఇంకోటి అనుకుని చదువుతారు.

‘వయసు’తో మొదలుపెట్టాను. దీంట్లో గొడవేముంటుంది అనుకున్నాను. బెంచీ మీద మొదట కూర్చున్న పెద్దాయన, "ఏ వయసు కావల్లమ్మా? కంపెనీదా, మా యమ్మ చెప్పిందా?" అని అడిగాడు. గనిలో చేరడానికి వయసు చాలక, ఎక్కువ వేయించుకున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారట. వయసుకు రెండు గడులు పెట్టాను. ‘ఇంటి నంబరు’ దగ్గర కంపెనీ గోడ మీద రాసిన అంకె ఒకటి, మునిసిపాలిటీ కొట్టిన రేకు మీద ఇంకోటి తేలాయి. రెండూ ఎవరికీ గుర్తు లేవు, నల్లాకు ఎదురిల్లు అంటేనే తెలుస్తుంది. ‘బరువు’ చెప్పులతోనా, చెప్పులు లేకుండానా అన్నదాని మీద నర్సమ్మకూ నాకూ ఒక పూట యుద్ధం జరిగింది. నాకు ఇలాంటి తగువులంటే భలే సరదా. మా అమ్మ నన్ను చిన్నప్పట్నుంచీ వకీలమ్మా అని ఊరికే పిలవదు.

ఆ తర్వాత ‘పని’ వచ్చింది. దాన్ని రెండు నిమిషాల్లో తేల్చేశాను. ‘గనిలో చేసిన పని. రాయదగినవి: అండర్‌గ్రౌండ్, సర్ఫేస్.’ కింద దిగినవాళ్లు, పైన పనిచేసినవాళ్లు. ఇంతకంటే తేటగా ఏముంటుంది?

సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఆ సాయంత్రం ఇంట్లో మా అప్ప మీద, అంటే నాన్న మీద, ప్రయోగించాను. "ఏం పని చేసినావప్పా?"

"టైమాఫీసు. తెలీనట్ల అడగతావేమ్మా? సర్ఫేస్ అని రాసుకో."

నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అప్ప అంటే టైమాఫీసే. షిఫ్టుకు పోయేవాళ్ల నంబరూ పనీ కొట్టిన హాజరు బిళ్లలు కిటికీలో కూర్చుని తీసుకునేవాడు. గని మూసేదాకా అదే పని. దగ్గు కూడా నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఉన్నదే. బంగారం తీసేశాక మిగిలిన పొడి పోసిన సైనైడ్ దిబ్బ మీంచి గాలి లేస్తే ఊరంతా దగ్గుతుంది కాబట్టి, ఇదీ దిబ్బ గాలేనని అప్ప అనేవాడు, మేమూ అనేవాళ్లం. కానీ కొన్ని నెలలుగా మా వీధి ఎత్తు ఎక్కేటప్పుడు మధ్యలో నిలబడి, ఎవరి మేకనో గోడనో తీరిగ్గా చూస్తున్నాడు. ఊపిరి కోసం ఆగుతున్నాడని నాకు తెలుసు. భయంగా ఉంది. ఎక్స్‌రేకు రమ్మని ఎన్నిసార్లు బతిమాలినా ఒకటే మాట.

"అది దిగినోళ్లకమ్మా. నేను పైన పనోణ్ణి. వాళ్ల నడాన నేను యాడ కూర్చునేది?"

ఆ సాయంత్రం కూడా అదే అన్నాడు. వంటింట్లో రాగిముద్ద కెలుకుతున్న అమ్మ గట్టిగా, "టైమాఫీసుకు ముందర ఏం చేసినాడో అడగవేమే?" అంది. అప్ప లేచి వాకిట్లోకి పోయాడు.

నేను వంటింట్లోకి పోయాను. అమ్మ కర్ర ఆపకుండానే చెప్పింది. నేను పుట్టకముందు అప్ప ఏళ్ల తరబడి కింద రాయి తొలిచే పని చేశాడు. రొమ్ము బాగాలేదని కంపెనీ డాక్టరు పైకి తెప్పించి టైమాఫీసులో లైట్ జాబు, అంటే ఒళ్లు అలవని పని, రాయించాడు.

"లైట్ జాబంటే ఇంగ ఆ మనిషి అయిపోయినాడనే లైన్లో అందరూ అనుకునేది. ఆ ఇంట్లో దగ్గుండాదంట అని సంబంధాలు గూడా వచ్చేవి గాదు. మీ అత్తలిద్దరికీ అప్పటికింగా పెండ్లి గాలా. అందుకని ఆఫీసులో ప్రమోషన్ వచ్చిందని చెప్పుకున్నాము. నీకైతే కిందికి దిగిన సంగతే చెప్పలా."

నాకు ఒళ్లు మండింది. అత్తల పెళ్లిళ్లై వాళ్లకు మనవళ్లు కూడా పుట్టారు, ఇంకా ఎవరి దగ్గర దాచడం? కోపం కాస్త దిగాక ఇంకో ప్రశ్న పట్టుకుంది. టైమాఫీసులో ఇలాంటి మనిషి మా అప్ప ఒక్కడేనా?

తర్వాతి ఆదివారం క్లినిక్‌లో సర్ఫేస్ అని చెప్పిన ప్రతివాళ్లనూ నర్సమ్మ చేత ఇంకో మాట అడిగించాను. "దానికి ముందర?" దీపాల గదిలో పనిచేసినాయన కింద నుంచి వచ్చినవాడే. గేటు కాపలా ఆయనా అంతే. అడిగినకొద్దీ తేలుతున్నారు. ఈ ఊళ్లో పనేమిటని అడిగితే అందరూ చివరి బిళ్ల మీద ఉన్న పనే చెబుతారు. చివరి పని సర్ఫేస్ ఎందుకైందని ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. రొమ్ము పాడైతేనే కదా పైకి తెచ్చారు. అంటే నేను రెండు నిమిషాల్లో రాసిన అర్థం, అందరికంటే ముందు పిలవాల్సినవాళ్లనే ఏరి పక్కన పెడుతోంది.

‘పని’ గడిని తీసేశాను. ఒక మనిషికి ఎన్ని పనులుంటే అన్ని వరసలు రాసేలా వేరే పట్టిక కట్టాను. చోటు, పని, మొదలైన సంవత్సరం, ముగిసిన సంవత్సరం. చివరి గడికి ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ ‘ఖాళీగా ఉంటే ఆ పని ఇంకా సాగుతోందని అర్థం’ అని రాసేశాను. మూసేసిన గనిలో ఇంకా సాగే పనేముంటుందని నాకు తట్టలేదు.

ఇక ఉదాహరణ కావాలి. పొద్దు వాలాక వాకిట్లో అప్ప పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను.

"అప్పా, ఉదాహరణకు ఒక మనిషి కావల్ల. నిజం మనిషి పేరు రాయగూడదు. ఎవరో ఒకరు, కిందికి దిగినోడు అనుకో. నాకు కింద పని తెలీదు, నువ్వు చెప్పు."

అప్ప నా మొహంలోకి చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలుసు. "సరే, ఒకడుండాడనుకో," అన్నాడు.

ఆ ఒకడు చిత్తూరు పక్క పల్లె నుంచి మీసాలు రాకముందే వచ్చాడు. డ్రిల్లింగులో వేశారు. నీళ్లు పెట్టి తొలిస్తే బురద, నీళ్ల పైపు రాని రోజు ఉత్త దుమ్ము. పైకొచ్చి ముక్కు తుడుచుకుంటే తువ్వాలు బూడిద రంగు. నేను రాయడం మానేసి అడగడం మొదలుపెట్టాను. ఎంత ఉక్క? అన్నం ఎక్కడ తింటారు? దీపం ఆరిపోతే ఏం చేస్తారు? అప్ప దేనికీ విసుక్కోలేదు.

"కేజ్‌లో దిగేటప్పుడు ఒక్కడూ మాట్లాడడమ్మా. ఎక్కేటప్పుడు ఒక్కడూ నోరు మూయడు."

కేజ్ అంటే మనుషుల్ని దించే లిఫ్టు. అది ఎక్కి పైకొస్తున్నవాడిలాగే అప్ప ఆ సాయంత్రం మాట్లాడాడు. ఇద్దరం నవ్వాం. నవ్వు దగ్గయి, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. నేను వీపు రాస్తూ కూర్చున్నాను.

ఊపిరి కుదుటపడ్డాక, "ముగిసిన సంవత్సరం ఏం వెయ్యమంటావు?" అని అడిగాను.

"ఖాళీగా వదిలితే ఏమని రాసినావు?"

చదివి వినిపించాను.

"అట్లయితే ఖాళీగానే వదులు."

"గని మూసేసి ఎంత కాలమైందప్పా."

"గని మూసినారు. ఆ దుమ్ము వాడి రొమ్ములో ఇంగా పని చేస్తానే ఉండాది గదా."

ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అప్ప నా వైపు చూడకుండా తెర మీదకు వంగి, వేలితో పేరు గడి చూపించాడు. అది ఖాళీగా ఉంది.

"ఎక్స్‌రే తీసేటోళ్లు పేరు లేనోణ్ణి ఎట్ల పిలస్తారు?"

"పిలవలేరప్పా."

"అయితే నా పేరు రాయి."

రాశాను.