ముందు సీట్లో మటన్

కాకినాడ నుంచి వచ్చినవాణ్ని కదా, హైదరాబాద్‌లో దావత్‌కు పిలిస్తే మర్యాదంతా నాకే జరుగుతుందనుకున్నాను. మా ఆఫీసు యాదగిరి తన కొత్త ఎలక్ట్రిక్ కారులో ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గరికి వచ్చాడు. ముందు తలుపు తీయబోతే ఆపాడు.

"అన్నా, ఎనక కూసో. ముంగట ఫ్రిజ్ ఉన్నది."

నిజంగానే సూట్‌కేసంత ఫ్రిజ్ ఒకటి సీటు బెల్టు పెట్టుకుని దర్జాగా కూర్చుంది. లోపల మసాలా పట్టించిన మటన్. దావత్ జరిగే తోట అన్నోజిగూడ దాటాక ఉంది. అక్కడ కరెంటు లేదు కాబట్టి మర్నాటి వంట దాకా ఆ మటన్‌కు కారు బ్యాటరీయే దిక్కు.

మండే ఎండ. ఏసీ వేయమన్నాను.

"వద్దన్నా, చార్జింగ్ దిగుతది. మటన్ ఖరాబైతే అందరు నన్నే తిడ్తరు."

నాచారంలో ఇంటి దగ్గర రాత్రంతా చార్జింగ్ పెట్టిన బండి అది. మీటరు నిండుగానే చూపిస్తోంది. పోనీ అద్దాలైనా దించమంటే, ఫ్రిజ్‌కు వడగాలి తగులుతుందన్నాడు. చల్లటి నీళ్లడిగితే, ఊరికే మూత తీయకూడదన్నాడు.

మా వైపు ఇంటికొచ్చినవాణ్ని తినబెట్టి తినబెట్టి చంపుతారు. ఇక్కడ తిండి చల్లగా ఉండటం కోసం చంపుతారని ఆ రోజే తెలిసింది.

తోటలో దిగగానే యాదగిరి మూత తీసి, మటన్ మీద చెయ్యి పెట్టి చూసి మురిసిపోయాడు. ఆ తర్వాతే నా వైపు తిరిగాడు. నా చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"ఏందన్నా, గిన్ని చెమటలు? బీపీ గిట్ల ఉన్నదా?"