బిజిలీ కుడి పాదం

తుఫాను దాటిన మర్నాడు పొద్దున్న ఏడు గంటలకి మా ట్రక్కు శ్రీకాకుళం జిల్లా తీరంలో ఆగింది. ముందుకు దారి లేదు. జీడిచెట్లు, కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డంగా పడున్నాయి. సన్నగా వాన. రంపాలు, తాళ్లు, స్ట్రెచర్లు దింపుకుని నడిచాం. నా వీపు మీద నీళ్ల క్యాను, మందుల సంచి. నా ఎడంపక్కన బిజిలీ. గోధుమరంగు లాబ్రడార్, ఆడకుక్క. కూలిన ఇళ్ల కింద ప్రాణంతో ఉన్న మనిషి వాసన పట్టి మొరగడం దాని పని. దానికి తిండి పెట్టేదీ, పని చెప్పేదీ నేనొక్కణ్ణే.

సైన్యంలో చేరాక నేను పనిచేసిన చోట్లన్నీ దూరాలే. ఈసారి ఆర్డరు మా జిల్లాకే వచ్చింది. అందులోనూ మా మావ ఊరికి. చిన్నతనంలో మా అమ్మ పోతే అత్తే నన్ను ఈ ఊళ్లో పెంచింది.

మధ్యాహ్నం దాకా ఒడ్డు వైపు వీధి వెతికాం. బిజిలీ ఒక ముసలాయన్ని పట్టించింది. బతికాడు. అక్కడే చిరిగిన ఇనప రేకు మీద కాలేసింది. కుడి ముందుపాదం అడుగున చీలిపోయింది. కడిగి, మందు రాసి, కట్టు కట్టాను. వీధంతా మురుగునీళ్లు. కట్టు తడవకుండా ఉంచే దారి లేదు.

మా పశువుల డాక్టరు విజయనగరంలో ఉన్నారు. రేడియోలో చెప్పాను.

"కుక్కని ఆపెయ్. మురుగులో దింపకు. సాయంత్రానికి రెండో కుక్కని పంపుతాం."

"సరే సార్," అన్నాను.

రేడియో పెట్టేసరికి ఎదురుగా మావ. సముద్రంలో చేపల వేటకెళ్లే మనిషి. మామూలుగా ఆయన మాట్లాడితే పక్క వీధికి వినిపిస్తుంది. ఆ రోజు నా పక్కకొచ్చి చెప్తేగాని వినపడలేదు.

"ఒరే ఎర్రయ్యా, మీ అత్త కనపడ్లేదురా. వలల కొట్టు పడిపోనాది. అందులోకే ఎల్లిందంటన్నారు."

"పిలిసి సూశావా మావా?"

"పొద్దున్నుంచి పిలస్తన్నాన్రా. పలకట్లేదు. నీ కుక్కని ఒక్కసారి దింపరా."

కొట్టు పొడవాటిది. పైకప్పంతా గోడల మధ్య కూలింది. ఎక్కడ తవ్వాలో తెలియకుండా కదిపితే మిగిలిన గోడ కూడా మీదపడుతుంది. మా సుబేదారుకి తెలుగు రాదు. మావ మొహం చూసి విషయం తెలుసుకున్నాడు.

"కుక్క సంగతి నీకే తెలుసు. నువ్వే చెప్పు," అన్నాడు హిందీలో.

బిజిలీ కట్టు కట్టిన కాలు ఎత్తిపట్టుకుని నా వైపు చూస్తోంది. నేను వెతకమన్నాను. అది ఆ కాలు కింద పెట్టి మురుగులోకి దిగింది.

అరగంటకి వెనక మూల నుంచి మొరిగింది. తవ్వాం. వలల కుప్ప మధ్య అత్త. ఊపిరుంది. మావ నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. ఊరంతా నన్నే పొగిడింది. బిజిలీ కాలికి కట్టు లేదు. బురదలో ఎక్కడ ఊడిందో చూసుకోలేదు నేను.

మర్నాటికి పాదం వాచింది. వారం తిరిగేసరికి చీము పైకి పాకింది. కాలు తీసెయ్యాల్సి వచ్చింది. డాక్టరు నన్ను తిట్టలేదు.

"ఆపమన్నాను కదయ్యా," అన్నారంతే.

అత్తని తీసిన రోజు రెండో కుక్క చీకటి పడకముందే వచ్చింది. అప్పటిదాకా అత్త ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ అది మా అత్త కాకపోతే, ఆ ఊరు మాది కాకపోతే, నేను సాయంత్రం దాకా ఆగేవాణ్ణి. ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ దాన్నే దింపుతాను. అదే నన్ను తినేస్తోంది.

సర్వీసు అయిపోయి ఇంటికొచ్చాక అత్త దగ్గరికి వెళ్లాను. చేపల పులుసు పెట్టింది.

"ఆ కుక్క ఎలాగున్నాదిరా? తీసుకొస్తే దానికీ ఓ ముక్కెట్టేదాన్ని కదా."

"బాగున్నాదత్తా."

కాలు సంగతి చెప్పలేదు. చెబితే ఆవిడకి ముద్ద దిగదు.

నన్ను వదలనిది మరొకటుంది. బిజిలీని రిటైరు చేసిన రోజు. పనిలో దానికి తొడిగే తోలు పట్టీ స్టోర్లో ఇచ్చెయ్యమన్నారు. పట్టీ పట్టుకుని ఆస్పత్రి షెడ్డు ముందునుంచి వెళ్తున్నాను. బిజిలీ చూసింది. మూడు కాళ్ల మీద లేచింది. ఒకపక్కకి ఒరిగి, నిలదొక్కుకుంది. తొడగమని తల వంచి, మెడ ముందుకు చాచింది.