గీతమ్మ గీసిన గీత

మా మేనత్త అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు. ఏటి ఒడ్డు వీధుల్లో ఇంటింటి గోడకూ వరద మట్టం చూపే నీలిరంగు గీత గీయించింది కాబట్టి అందరికీ ఆమె గీతమ్మే. "నుదుటి గీతైనా చెరుగుతుందేమో గానీ గీతమ్మ గీత చెరగదు" అని జనం విసుక్కునేవారు. ఆ మాట చెవిన పడితే అత్త నవ్వి, చెరగకూడదనే కదా ఖరీదైన రంగు వేయించానని అనేది.

ఆమె మున్సిపల్ ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు చూసే ఉద్యోగి. ఏరు పొంగి ఊరిని ముంచిన ఏడాది, ఏ కంపెనీ వాడూ మా వీధులకు బీమా ఇవ్వనన్నాడు. చివరికి ప్రభుత్వమే వరద బీమా పెట్టింది. దానికి ఊరు ఒప్పుకున్న షరతు ఒకటి ఉంది. నీళ్లు చేరే వీధుల్లో కొత్తగా ఏది కట్టినా దాని గచ్చు గీతకు పైనే ఉండాలి. ఒక్కరిని చూసీ చూడనట్టు వదిలేసినా ఊరు మాట తప్పినట్టే, అందరి బీమాకూ ముప్పే. ఆ షరతుకు కాపలా మా అత్త.

ఆ వరదలోనే మా నాన్న వడ్రంగి దుకాణం కూలిపోయింది. అప్పటికి నేను ఆయన దగ్గరే పాలిష్ పని చేస్తున్నాను. కొన్నాళ్లు ఇంటి వరండాలోనే రంపం పెట్టుకున్నాం. రంపపు పొట్టు అన్నం గిన్నెలో కూడా పడుతుంటే అమ్మ ఓపిక నశించింది. నాన్న ఇక ఆగలేక, అనుమతి గినుమతి అనకుండా, పాత చోటే వీధి మట్టానికి గోడలు లేపాడు. ఆయన వాదన కొట్టిపారెయ్యదగ్గదేమీ కాదు. బీరువా కొనేవాడు మెట్లెక్కి వస్తాడా, వచ్చినా దాన్ని కిందికి ఎలా దించుకుంటాడు అనేవాడు.

గోడ నడుం ఎత్తు లేచాక అత్త వచ్చింది. ఆఫీసు బంట్రోతుని పంపలేదు. పని ఆపమనే నోటీసును తన చేత్తోనే జిగురు రాసి తడి గోడకు అంటించింది.

నాన్న తాపీ కింద పెట్టాడు. "నా గోడకే అంటిస్తున్నావా?"

"నీ గోడని వదిలేస్తే రేపు ఎవరి గోడకి అంటించగలను అన్నయ్యా?"

ఆ సాయంత్రం నాయనమ్మ అత్త ఇంటికెళ్లి, తోడబుట్టినవాడి కడుపు కొట్టే ఉద్యోగం కూడా ఒక ఉద్యోగమేనా అని ఏడ్చింది. అత్త ఆమె కళ్లు తుడిచింది గానీ నోటీసు మాత్రం తీయలేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మా వంశమంతా. అన్నాచెల్లెళ్లకు మాటలు ఆగిపోయాయి.

తర్వాత మున్సిపల్ ఛైర్మన్ అత్తని పిలిపించాడు. సొంత అన్నే కదా, ఒక్క మినహాయింపు రాసిస్తే ఎవరు తప్పు పడతారని ఎంతో తీయగా అడిగాడు. అదే వీధిలో ఆయన బావమరిది దుకాణాల వరుస కట్టబోతున్నాడని ఊరందరికీ తెలుసు. నాన్న పేరు మీద తలుపు తెరిస్తే బావమరిది దూరుతాడు.

"సంతకం పెడతానండీ," అంది అత్త. "ఏరు మన సంతకం చదువుకుని పక్కకి తిరిగి పోతుందని మీరు రాసివ్వండి."

మర్నాటికల్లా ఆమె బల్ల మెట్ల కిందికి, చీపుర్లూ బకెట్లూ పెట్టే చోటికి చేరింది. ఆఫీసు బండి కూడా తీసేసుకున్నారు. అత్త నడిచే తిరిగింది. నడిస్తే గోడలు ఇంకా బాగా కనిపిస్తున్నాయని కనిపించిన వాళ్లందరితో చెప్పింది.

నాన్న ఆ గోడను తనే పడగొట్టాడు, సుత్తి దెబ్బకొక తిట్టు చొప్పున. అత్త నాతో కబురంపింది: కింద స్తంభాలు వేసి ఖాళీగా వదలండి, పైన దుకాణం పెట్టండి, మెట్లకు బదులు ఏటవాలు దారి వేస్తే బీరువా దానంతటదే దిగొస్తుంది. నాన్న అలాగే కట్టాడు. కాకపోతే ఆ ఆలోచన తనకే తట్టిందని ఆమెతో చెప్పి రమ్మన్నాడు. చెప్పాను. సంతోషమని చెప్పమంది అత్త.

ఆ ఏడు వానలకు నీళ్లు చీలమండ దాకా వచ్చి పోయాయి. పైన కూర్చుని గాలం వేస్తున్నావా అని వీధంతా నాన్నని ఆటపట్టించింది. మరుసటేడు అదీ లేదు. అత్త ఎదురుపడితే జనం వరదొచ్చినట్టు ప్యాంటు మోకాలి దాకా మడిచి చూపించేవారు.

ఆ పై ఏడు నిజమైన వరద వచ్చింది. నీరు పల్లమెరుగు అంటారు గానీ ఈసారి మిట్టల్నీ ఎరిగింది. స్తంభాల మధ్య నుంచి సాగి, నీలి గీత దాటి, మా గచ్చు మీద జానెడు నిలిచింది. టేకు బీరువాల అడుగులు ఉబ్బిపోయాయి. పనిముట్లూ కలపా దక్కాయి. ఊరు మాట తప్పలేదు కాబట్టి వీధిలో బీమా ఉన్న వాళ్లందరికీ పరిహారం వచ్చింది.

బురద కాళ్లతోనే నాన్న మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాడు. వెనకాలే నేనూ వెళ్లాను. మెట్ల కింద బల్ల ముందు నిలబడి, ఇన్నేళ్లకు మొదటి మాటగా, "నీ గీత తప్పు," అన్నాడు.

"తప్పే. ఇంకా పైకి గీయాలి," అంది అత్త. "కూర్చో అన్నయ్యా."

గీత పైకి జరిపితే ఇంకో నాలుగు వీధులు షరతు లోపలికి వస్తాయి. ఊరి సభలో ఛైర్మన్ లేచి, ఇప్పుడిప్పుడే బురద కడుక్కుంటున్న జనం మీద ఈ బరువు న్యాయమా అన్నాడు. చప్పట్లు మోగాయి. అవి ఆగేదాకా అత్త నిలబడే ఉంది.

"కొత్త గీతలో మొదటిది నా ఇల్లు. కింది గది పడగొట్టిస్తున్నాను, మా ఆయన అలిగి కూర్చున్నాడు. మీకు గీత వద్దంటే చెయ్యెత్తండి, బీమా పోతుంది, అంతే. ఏటికి మాత్రం మన ఓటుతో పని లేదు."

అప్పుడు నాన్న లేచాడు. పొగుడుతాడేమో అనుకున్నాను. జానెడు తక్కువ గీసి నా బీరువాలు పాడుచేసింది, ఈసారైనా సరిగ్గా గీయమనండి అన్నాడు. సభంతా నవ్వింది. కొందరు గొణుక్కుంటూనే ఉన్నా తీర్మానం నెగ్గింది.

ఛైర్మన్ బావమరిది మాత్రం కొత్త గీత చెల్లదని కోర్టుకెక్కాడు. ఆ కేసు ఇంకా నడుస్తోంది. అత్త రిటైరైనా ఒక్క వాయిదా కూడా వదలదు, సాక్షిగా వెళ్తుంది. పోయినసారి అవతలి లాయరు, ఈ ఊరంటే మీకెందుకమ్మా ఇంత కక్ష అని అడిగాడట.

"కక్షా?" అందట అత్త. "వెళ్లిపోవాలనుకునేవాళ్లు గీతలు గీయరండీ. మేం ఇక్కడే ఉంటాం."